మైక్రోసేవ్ మార్కెట్ రీసెర్చ్ టూల్‌కిట్: కెన్యా వరి పొలాల్లోనూ అంతర్వేది పల్లిపాలెంలోనూ వాడి చూశాక

విదేశాల్లో మైక్రోఫైనాన్స్ సంస్థలకి, అంటే పేదవాళ్లకి చిన్న చిన్న అప్పులిచ్చే సంస్థలకి, సలహాదారుగా వెళ్లే అవకాశం వచ్చిన మా గోదావరి జిల్లాల కుర్రాళ్లు బయల్దేరే ముందు ఫోన్ చేసి, "మేడమ్, ఏం చదువుకుని వెళ్లమంటారు?" అని అడుగుతుంటారు. మైక్రోసేవ్ అనే సలహా సంస్థ వాళ్ల మార్కెట్ రీసెర్చ్ టూల్‌కిట్ చదవమంటాను. ఖాతాదారులకి ఏం కావాలో వాళ్లనే అడిగి తెలుసుకునే పద్ధతులు చెప్పే పుస్తకం అది. ఫోన్‌లో అరకొరగా చెప్పేకంటే ఒకసారి వివరంగా రాస్తే నలుగురికీ పనికొస్తుందనిపించింది.

మాది నరసాపురం. ఇక్కడే ఒక మైక్రోఫైనాన్స్ సంస్థలో ఫీల్డ్ ఆఫీసరుగా చేరి బ్రాంచి మేనేజరు దాకా వచ్చాను. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చి, వసూళ్లు ఆగిపోయాక, మా బ్యాచ్‌లో కొందరు రొయ్యల మేత కంపెనీల్లో చేరారు, కొందరు ఇన్సూరెన్సులోకి వెళ్లారు. నాకు తూర్పు ఆఫ్రికాలో టెక్నికల్ అసిస్టెన్స్ పని దొరికింది. ఆ పనేంటో తెలియని వాళ్ల కోసం ఒక్క మాట. అక్కడి సంస్థకి మనం డబ్బు ఇవ్వం, పని నేర్పుతాం. లోను ఎలా తయారు చేయాలి, వడ్డీ ఎలా లెక్క కట్టాలి, బకాయి పడకముందే ఎలా పసిగట్టాలి, సిబ్బందికి ఎలా ట్రైనింగ్ ఇవ్వాలి, ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలి, ఇలాంటివన్నీ. మన ఫీజు సాధారణంగా ఒక దాత సంస్థో, అభివృద్ధి బ్యాంకో కడుతుంది. సంస్థ పెద్దదవ్వాలన్నది అందరి కోరిక. ఎలా పెద్దదవ్వాలన్న దగ్గరే గొడవంతా.

టూల్‌కిట్ సంగతికి వస్తాను. మైక్రోసేవ్ 1998లో ఉగాండాలో మొదలైంది. మొదలుపెట్టింది గ్రాహం రైట్. ఇప్పుడు ఎమ్మెస్సీ (MSC, మైక్రోసేవ్ కన్సల్టింగ్) అనే పేరుతో, లక్నో కేంద్రంగా పనిచేస్తోంది. తూర్పు ఆఫ్రికాలో ఖాతాదారులు ఒకటి రెండు లోన్లు తీసుకుని ఎందుకు మానేస్తున్నారు, పేదవాళ్లు పొదుపు ఎక్కడ దాచుకుంటున్నారు అని తవ్వుతూ పోయిన పనిలోంచి ఈ టూల్‌కిట్ పుట్టింది. నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. దీనికి తోడు కొత్త లోనుని ముందు చిన్నగా పెట్టి చూసే పైలట్ టెస్టింగుకి ఒకటి, ఖర్చూ ధరా లెక్కలకి ఒకటి, ఆఫీసు పని ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో గీసి చూసే ప్రాసెస్ మ్యాపింగుకి ఒకటి, సిబ్బంది ఇన్సెంటివ్‌లకి ఒకటి, ఇలా వేర్వేరుగా ఉన్నాయి. అన్నీ ఒకేసారి దింపుకుని బెదిరిపోకండి. మార్కెట్ రీసెర్చ్ ఒక్కటి ముందు.

ఇందులో సగం ఫోకస్ గ్రూపులు ఎలా నడపాలో చెబుతుంది. ఆరుగురో ఎనిమిది మందో కూర్చోవాలి. ఒకరు మాట్లాడించాలి, ఇంకొకరు రాసుకోవాలి. ఈ భాగం గబగబా తిరగేయొచ్చు, మన డ్వాక్రా మీటింగుల్లో తిరిగిన వాళ్లకి కొత్తేమీ కాదు. అసలు సరుకు రెండో సగంలో ఉంది. నేల మీద గీతలు గీసి, గింజలు పెట్టించి చేసే పనులు. కాలాన్ని బట్టి ఆదాయం, ఖర్చు, పొదుపు, అప్పు ఎలా పెరిగి తగ్గుతాయో చూసే పట్టిక. పెళ్లి నుంచి ముసలితనం దాకా ఎప్పుడెప్పుడు పెద్ద మొత్తం అవసరమవుతుందో చూసే పట్టిక. డబ్బు కోసం, సరుకు కోసం మనిషి ఎక్కడెక్కడికి వెళ్తున్నాడో గీసే పటం. లోనులో ఏ గుణం ముఖ్యమో వరసలో పెట్టించే ర్యాంకింగు. వీటిలో నన్ను కట్టిపడేసింది మొదటిదే.

కెన్యా నుంచి సెలవుకి వచ్చినప్పుడు దాన్ని మన దగ్గరే చేసి చూశాను. నరసాపురంలో పంటు (రేవు దాటించే పడవ) ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే సఖినేటిపల్లి, అక్కడి నుంచి చేపలు పట్టేవాళ్ల ఊరు అంతర్వేది పల్లిపాలెం. నా పాత సెంటర్లలో సభ్యురాలిగా ఉన్న ఒకావిడ తనవాళ్లని పిలుచుకొచ్చింది. ఇంటి ముందు సిమెంటు గచ్చు మీద సుద్దతో పన్నెండు గళ్లు గీశాం. జనవరి, ఫిబ్రవరి అని నేను మొదలుపెట్టేసరికి ఆవిడే ఆపింది. "అలా కాదండి, సంక్రాంతి నెల అనండి, తీర్థం నెల అనండి, మాకు తెలుస్తది." తీర్థం అంటే భీష్మ ఏకాదశి రోజుల్లో జరిగే అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణోత్సవం. అలా పన్నెండు గళ్లకీ వాళ్ల పేర్లే పడ్డాయి. ఉగాది, వేట ఆగే నెల, బడులు తెరిచే నెల, గోదావరికి ఎర్రనీరు (వరద నీరు) వచ్చే నెల. మొదటి వరస ఆదాయం. చింతపిక్కలు చేటలో పోసి ఇచ్చాను. ఎక్కువ వస్తే ఎక్కువ పిక్కలు, తక్కువైతే తక్కువ.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మోటారు బోట్ల వేట నిషేధం. ఆ రెండు గళ్లలో ఒక్కొక్క పిక్క పెట్టి ఊరుకున్నారు. ఎర్రనీరు వచ్చి పులస చేప ఎదురెక్కే నెలల్లో పిక్కలు గుట్టపడ్డాయి. కానీ ఒకావిడ అక్కడ సగం తీసేసింది. "పులస అందరికీ పడదండి, పడినోళ్లకే ఆ డబ్బు" అని. ఇంకొకావిడ సంక్రాంతి గడిలో నాలుగు పిక్కలు అదనంగా పెట్టింది. కువైట్‌లో ఉన్న కూతురు పండక్కి పంపుతుందట. ఈ వాదనలు, తీసివేతలు, చేర్పులే ఈ పనిముట్టులో ఉన్న బలం. ప్రశ్నల కాగితం పట్టుకుని నెలకి ఎంత సంపాదిస్తారని అడిగితే ఎవరైనా ఒక అంకె చెప్పి పంపేస్తారు. పిక్క చేతిలో ఉన్నప్పుడు పక్కనున్నావిడ ఒప్పుకోకపోతే ఆ పిక్క అక్కడ నిలవదు.

రెండో వరస ఖర్చు. బడులు తెరిచే నెలలో చేట దాదాపు ఖాళీ అయిపోయింది. ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు, బోటూ వలా బాగుచేయించడం, అన్నీ ఆ గడిలోకే వచ్చిపడ్డాయి. మూడో వరస పొదుపు, పెద్దగా ఏమీ లేదు. నాలుగోది అప్పు. అక్కడ ఒక్కసారి అందరూ మెత్తబడ్డారు. వేట ఆగిన రెండు నెలల్లోనూ, ఆ తర్వాత నెలలోనూ పిక్కలు నిండిపోయాయి. ఆదాయం వరసలో ఒక్కొక్క పిక్క ఉన్న గళ్ల కిందే అప్పు వరసలో గుట్టలు.

ఇప్పుడు అసలు ప్రశ్న అడిగాను. ఒకప్పుడు మీరు వారం వారం కిస్తీ కట్టేవారు కదా, వేట లేని నెలల్లో ఎలా కట్టారు? "చేపలు కొనే సావుకారు దగ్గర అడ్వాన్సు తెచ్చేవాళ్లమండి. వేట మొదలయ్యాక చేప ఆయనకే వెయ్యాలి, ఆయన చెప్పిన రేటుకే." సంస్థ రిజిస్టరులో ఆ వారాలకి ఎదురుగా వసూలు నూటికి నూరు అనే ఉంటుంది. బకాయి సున్నా. లెక్క ప్రకారం ఆ బ్రాంచి ఆరోగ్యంగా ఉంది, ఇంకో బ్రాంచి తెరవొచ్చు. కానీ ఆ నూరు శాతం సావుకారి గల్లాపెట్టెలోంచి వచ్చి, వేట మొదలయ్యాక చేప రేటులోంచి కోతపడి తిరిగి ఆయనకే పోతోంది. ఇది ఏ ఆడిట్‌లోనూ దొరకదు. గచ్చు మీద చింతపిక్కల్లో దొరికింది.

ఈ రివ్యూలో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే. మా దగ్గర సంస్థలు పెరిగినప్పుడు ఈ ప్రశ్న అడిగిన వాళ్లు తక్కువ. 2006లో పక్కనే కృష్ణా జిల్లాలో 50 దాకా మైక్రోఫైనాన్స్ బ్రాంచీలకి తాళాలు పడ్డాయి. అది ముందస్తు హెచ్చరిక. అయినా తర్వాత నాలుగేళ్లూ ఒక్కో వీధికి మూడు నాలుగు సంస్థలు వచ్చాయి, 2010లో మొత్తం కూలిపోయింది. 2011 జనవరిలో రిజర్వ్ బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ రిపోర్టు వచ్చింది, వడ్డీకి, ఒక మనిషికి ఎన్ని సంస్థలు అప్పివ్వొచ్చన్నదానికి హద్దులు పెట్టమంది. 2022లో రిజర్వ్ బ్యాంకు కొత్త నిబంధనలు తెచ్చి, కుటుంబం మొత్తం కట్టే కిస్తీలు నెల ఆదాయంలో 50 శాతం దాటకూడదంది. మంచి నిబంధన, నేను సమర్థిస్తాను. కానీ పల్లిపాలెంలో "నెల ఆదాయం" అనేది ఒకటి లేదు. ఏడాది ఆదాయాన్ని పన్నెండుతో భాగిస్తే వచ్చే అంకె వేట ఆగిన నెలలో ఎవరి చేతిలోనూ ఉండదు. నిబంధన పాటించిన సంస్థ కూడా కిస్తీల క్యాలెండరు వేసుకునేటప్పుడు ఈ పట్టిక చూడాల్సిందే.

ఇక కెన్యా. నేను ఎక్కువ కాలం పనిచేసింది కిరిన్యాగా కౌంటీలో, మ్వేయా వరి పొలాల మధ్య. థిబా, న్యామిండి నదుల నీళ్లతో సాగే ఇరిగేషన్ స్కీము అది, 1950లలో తవ్వినది. ఆడవాళ్లు వంగి నాట్లు వేస్తుంటే, కాలవ గట్టున నిలబడి చూసినప్పుడు నాకు పాలకొల్లు రోడ్డులో ఉన్నట్టే ఉండేది. తెల్లవారుజామున ఉత్తరాన కెన్యా పర్వతం మీద మంచు కనిపించేది. రోడ్డు పక్కన మిల్లులు, పిషోరి అనే అక్కడి సువాసన బియ్యం బస్తాలు, బేరాలు. ప్రధాన పంట ఆగస్టు ప్రాంతంలో నాటుతారు, ఏడాది చివర కోస్తారు. దాళ్వా సార్వా (రబీ, ఖరీఫ్) లెక్కలో పెరిగిన నాకు ఆ పల్లె అర్థం కావడానికి పెద్దగా టైమ్ పట్టలేదు.

అక్కడి సంస్థ నెలవారీ కిస్తీ వసూలు చేసేది. మార్కెట్లో కూరగాయలు అమ్మే ఆవిడకీ అదే, వరి పండించే ఆవిడకీ అదే. మేం అదే పట్టిక వేశాం, చింతపిక్కల బదులు బీన్స్ గింజలతో. అప్పట్లో కెన్యాలో బడి ఫీజులు మూడు టర్ములుగా, జనవరిలో, మేలో, సెప్టెంబరులో కట్టాల్సి వచ్చేది. సెప్టెంబరు గడిలో ఫీజూ, నాట్ల కూలీ రెండూ కలిసిపడ్డాయి, ఆదాయం వరస బోసిగా ఉంది. డబ్బు కోసం ఎక్కడికి వెళ్తారని పటం గీయిస్తే గీతలన్నీ ధాన్యం వ్యాపారి ఇంటికి వెళ్లాయి. కోతకి ముందే పంట ఇంత రేటుకని రాసిచ్చి డబ్బు తెచ్చుకుంటున్నారు, అందులోంచే కిస్తీ. పల్లిపాలెంలో చేప, ఇక్కడ వడ్లు.

లోనులో మీకేది ముఖ్యమో వరసలో పెట్టమంటే వడ్డీ మొదటి స్థానంలో రాలేదు. మొదట వచ్చింది నాట్లకి ముందే డబ్బు చేతికి అందడం. రెండోది కోత అయ్యేదాకా అసలు సొమ్ము (వడ్డీ కాక తీసుకున్న అప్పు) తిరిగి కట్టమని అడగకపోవడం. వడ్డీ ఆ తర్వాత. దీన్ని చూసి వడ్డీ ఎంతైనా పర్వాలేదనుకునే సలహాదారులుంటారు, ఆ పని చేయకండి. వడ్డీ ఎంతో వాళ్లకి సరిగ్గా చెప్పని చోట ర్యాంకింగులో వడ్డీ కిందికి పోవడం సహజం. ఒకప్పుడు మన దగ్గర చాలా చోట్ల వినిపించిన లెక్కే తీసుకోండి. 10,000 అప్పుకి వారానికి 230 చొప్పున 50 వారాలు, మొత్తం 11,500. 15 శాతం వడ్డీ అని చెప్పేవాళ్లు. అసలు సొమ్ము వారం వారం తగ్గిపోతోంది కదా, తగ్గే బాకీ మీద కడితే అది ఏడాదికి 30 శాతం చుట్టూ తేలుతుంది. ఈ లెక్క ముందు విడమరిచి చెప్పి, ఆ తర్వాత ర్యాంకింగు చేయించండి.

మ్వేయాలో యాజమాన్యం విన్నది. ఒక్క బ్రాంచిలో, వరి రైతులకి మాత్రమే, నెల నెలా వడ్డీ కట్టి అసలు కోత తర్వాత కట్టే లోను పైలట్‌గా పెట్టారు. ఇక్కడ పైలట్ టెస్టింగ్ టూల్‌కిట్ బాగా పనికొచ్చింది. మొదలుపెట్టకముందే ఏ అంకె ఏ స్థాయి దాటితే ఆపేయాలో రాసుకోమంటుంది. అసలు కష్టం మాత్రం మాకు ఇంకో చోట ఎదురైంది. ఫీల్డ్ సిబ్బందికి ఇన్సెంటివ్ నెలవారీ వసూళ్ల మీద వస్తుంది. పంట కోత దాకా అసలు సొమ్ము వసూలు లేదంటే వాళ్ల జీతంలో కోత పడుతుంది. లోను మార్చి ఇన్సెంటివ్ మార్చకపోతే సిబ్బందే ఆ లోనుని ఎవరికీ అంటగట్టకుండా పక్కన పెట్టేస్తారు. అందుకే ఇన్సెంటివ్‌ల టూల్‌కిట్ కూడా తెరవాల్సి వచ్చింది. ఆ లోను నిలబడింది, తర్వాత పక్క బ్రాంచీలకీ వెళ్లింది. నేను పనిచేసిన ఇంకో దేశంలో, ఇంకో సంస్థలో ఇలా జరగలేదు. నిధులిచ్చిన వాళ్లు పెట్టిన టార్గెట్ కొత్త ఖాతాదారుల సంఖ్య. మా పట్టికలు చూసి బాగున్నాయన్నారు, రిపోర్టు బీరువాలో పెట్టారు, కొత్త బ్రాంచీలు తెరిచారు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. వినాలని లేని యాజమాన్యం దగ్గర ఏ టూల్‌కిట్టూ పనిచేయదు, ఈ పుస్తకంలో దానికి మందు లేదు.

వింటే ఏమవుతుందో చూడాలంటే కెన్యాలోనే ఈక్విటీ అనే బ్యాంకు ఉంది. 1984లో పుట్టిన ఈక్విటీ బిల్డింగ్ సొసైటీని 1993లో అక్కడి సెంట్రల్ బ్యాంకు సాంకేతికంగా దివాలా తీసినట్టే అని తేల్చింది. ఇచ్చిన అప్పుల్లో సగానికి పైగా తిరిగి రావడం లేదు. అదే సంస్థ 2004లో బ్యాంకైంది, 2006లో నైరోబీ స్టాక్ ఎక్స్చేంజ్‌లో లిస్టయింది. 2000ల మొదట్లో మైక్రోసేవ్ వాళ్లతో కలిసి ఖాతాదారులని అడిగి, తమ సేవలని తిరగరాసుకున్న సంస్థల్లో ఇది పేరున్నది. ఘనతంతా టూల్‌కిట్‌దే అంటే అన్యాయం. జేమ్స్ మ్వాంగి నాయకత్వం ఉంది, కంప్యూటర్లు పెట్టుకున్నారు, బయటి పెట్టుబడి వచ్చింది. కానీ అడగడం దగ్గర మొదలుపెట్టారు, అది నాకు నచ్చుతుంది.

ఇప్పుడు లోపాలు. మొదటిది భాష. మొత్తం ఇంగ్లిష్. తెలుగులో ఎవరైనా చేస్తే మన మండల సమాఖ్యల్లో బుక్ కీపర్లు సైతం వాడుకోవచ్చు, అంత సులువైన పనులివి. రెండోది, ఇందులో ప్రధాన భాగం సెల్‌ఫోన్ డబ్బు రాకముందు తయారైన ఆలోచన. ఫోన్‌లో డబ్బు పంపుకునే ఎంపెసా 2007లో వచ్చింది, 2012లో ఎంష్వారి వచ్చి ఫోన్ మీదే చిన్న అప్పు మొదలైంది. ఇప్పుడు మ్వేయాలో ఒకావిడ గ్రూపులో కూర్చుని ఒక్క అప్పే చెబుతుంది, ఫోన్‌లో ఇంకో రెండు ఉంటాయి. మన దగ్గర యాప్ లోన్లదీ ఇదే టెన్షన్. అందుకని నేను డబ్బు పటంలో ఫోన్ బొమ్మ ఒకటి తప్పకుండా గీయిస్తాను. అప్పు వరసని గ్రూపులో ఒకసారి చేసి, తర్వాత ఒక్కొక్కరితో విడిగా కూడా మాట్లాడతాను. పక్కింటావిడ ముందు ఎవరూ పూర్తిగా చెప్పరు. మూడోది, దీన్నుంచి వచ్చేవి కారణాలు, లెక్కలు కావు. ఎనిమిది మంది చెప్పిందాన్ని పట్టుకుని ఇంత శాతం జనం ఇలా అన్నారని రిపోర్టులో రాయకూడదు. ఆ అంకె కావాలంటే సర్వే వేరుగా చేయించాలి.

వాడే వాళ్లకి కొన్ని మాటలు. బ్రాంచి సిబ్బందిని ఆ చుట్టుపక్కల ఉంచకండి. కిస్తీ వసూలు చేసే మనిషి చెట్టు కింద నిలబడి ఉంటే ఒక్క పిక్క కూడా నిజం చెప్పదు. చివర్లో లోను వస్తుందని ఆశ పెట్టకండి. మాట అనువదించే మనిషి ఆడవాళ్ల గ్రూపుకి ఆడమనిషే అయ్యేలా చూసుకోండి. కెన్యాలో చామా అనే గ్రూపులు ఊరూరా ఉంటాయి, మన చీటీల్లాంటివి. వాటి లెక్కల పుస్తకం చూపిస్తే గౌరవంగా చూసి తిరిగివ్వండి, ఫొటో తీయకండి.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఒక మార్కు పోయింది ఫోన్ అప్పుల కోసం. మొత్తం చదివే తీరిక లేకపోతే కాలాల పట్టిక ఉన్న అధ్యాయం ఒక్కటి ప్రింటు తీసుకుని విమానం ఎక్కండి. అక్కడ దిగాక, ఆఫీసులో మీ కోసం తయారుచేసిన ప్రజెంటేషన్ చూడకముందే ఒక పల్లెకి వెళ్లి ఆ పట్టిక వేయించండి. అలాగే సంస్థ చూపించే మంచి ఖాతాదారులతో సరిపెట్టుకోకుండా, ఏడాదిలో మానేసి వెళ్లిపోయిన వాళ్ల లిస్టు అడగండి. ఇవ్వడానికి మొహమాటపడతారు, రేపు మాపు అంటారు. రెండోసారి, మూడోసారి అడగండి, ఇస్తారు.